పెద్ద యిల్లు, చిన్న యిల్లు

(మధురలో జరిగిన మన సంఘపు మాసిక సభయందు కోయంబత్తూరు శాఖాధ్యక్షులు, నూలు వర్తకులు చేసిన ఉపన్యాసము. సభ్యుల కోరికపై ప్రకటించుచున్నాము.)



నేను ఉపన్యాసకుడను కాను. పదవ తరగతితో చదువు చాలించి ఇరువది యేడు సంవత్సరములుగా కోయంబత్తూరులో నూలు అమ్ముకొనుచున్నవాడను. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు పెద్ద యిల్లు విడిచి చిన్న యింటికి మారినారట గదా, ఆ సంగతి వచ్చి చెప్పుడు, ఇచ్చట చాలమంది ఆ యాలోచనలోనే యున్నారు" అనిరి. నేను సంకోచించితిని. ఇంటి సంగతి సభలో చెప్పుకొనుట మనవారికి అలవాటు లేదు. అదిగాక ఈ మధురలోనే కాపురమున్న మా పెద్దక్క ఇప్పుడు నా యెదుట మూడవ వరుసలో కూర్చున్నది. నేను ఒక్క మాట తప్పు చెప్పినను లేచి సరిదిద్దెదనని ముందే హెచ్చరించినది. కావున ఉన్నది ఉన్నట్లే చెప్పవలసి వచ్చుచున్నది.

మా యిల్లు పీళమేడులోని ఒక పాత వీథిలో నుండెను. మా ముత్తాతగారు పత్తి వ్యాపారములో నాలుగు డబ్బులు కూడబెట్టి కట్టించినది. 1932లో పైకారా జలవిద్యుత్తు ఆరంభమైన పిమ్మట మా యూరి చుట్టు నూలుమిల్లులు వరుసగా వెలసినవి. ఆ కాలముననే మా వీథిలో పెద్ద యిండ్లును లేచినవి. వీథి వైపు రెండు తిన్నెలు, లోపల తొట్టి అని మనము పిలుచు నడిమి ముంగిలి, దాని చుట్టు టేకు స్తంభములు, వెనుక పడసాల, వంటిల్లు, ధాన్యపు గది, పత్తి మూటలు వేయు కొట్టు, చేదబావి, పశువుల కొట్టము. అన్నియు గలిపి పదునాలుగు గదులు. మా తాతగారి కాలమున ఆ యింట ఇరువది ముగ్గురు భోజనము చేసెడివారట. నేను పుట్టునప్పటికి పదునొకండు మంది యుండిరి. మా నాయనగారు పోయిన తరువాత మిగిలినది నలుగురము: మా అమ్మ, నేను, నా భార్య, మా అమ్మాయి. కుమారుడు హాస్టలులో చదువుచున్నాడు. తమ్ముడు కెనడాలో నున్నాడు.

నలుగురికి పదునాలుగు గదులు. అందులో తొమ్మిదింటికి తాళములు. అమ్ముడుపోని సరకు కొట్టులో ఎంత యున్నను వర్తకుడు దానిని లాభము క్రింద వ్రాసికొనడు. తాళము వేసిన గదియు అట్టిదే. అందు నివసించునది చెదపురుగు, పన్ను కట్టునది మనము. 2022లో మన రాష్ట్రమున ఆస్తిపన్ను పెంచినప్పుడు చిన్న యింటికి తక్కువగాను, పెద్ద యింటికి ఎక్కువగాను పెంచిరి. మన నగరములలో 1800 చదరపు అడుగులకు మించిన నివాస గృహములకు పన్ను నూటికి నూరు వంతున పెరిగినది. దానిని తప్పు అనను. కాని మా రసీదు చూచుకొన్ననాడు, తొమ్మిది తాళపుచెవుల గుత్తి నా చేతిలో బరువెక్కిన మాట నిజము. ఆ యేడు వానలకు వంటింటి పైకప్పు కారెను. పెంకులు దింపి, చెడిన వాసములు మార్చి, మరల కప్పవలెనన్న పని తెలిసిన వాడొకడు దొరకుటకే రెండు నెలలు పట్టినది. వాడు చెప్పిన కూలికి నా అంగడిలో ఒక బేరపు సరకు వచ్చును.

అయినను ఇల్లు విడువవలెనని నాకు వెంటనే తోచలేదు. ఆ తలంపు మొదట వచ్చినది ఈ యూరిలోనే. అక్క యింటికి వచ్చినప్పుడు మా అమ్మాయి తిరుమల నాయకుని మహలు చూచెదనన్నది. అందరికిని తెలిసిన సంగతియే. మన తెలుగు ప్రభువు 1636లో కట్టించిన ఆ మహలులో నేడు మిగిలినది నాలుగవ వంతు మాత్రమేనని చెప్పుదురు. దానిని పగవాడు వచ్చి పడగొట్టలేదు. ఆయన మనుమడు చొక్కనాథ నాయకుడే రాజధానిని తిరుచిరాపల్లికి మార్చుకొనుచు, తాతగారి మహలును విప్పించి రాళ్లను, కొయ్యను బండ్ల కెత్తించెను. మిగిలిన దానిని 1866 నుండి 1872 వఱకు మద్రాసు గవర్నరుగా నుండిన నేపియరు ప్రభువు బాగు చేయించెను గనుక మనము చూడగలుగుచున్నాము. ఆ స్తంభముల నడుమ నిలిచి మా అమ్మాయి, "ఇంత పెద్ద యింట్లో ఎందరుండేవారు నాయనా?" అని అడిగినది. నాకు స్తంభములు గనుపింపలేదు. మా యింటి తొమ్మిది తాళములు గనుపించినవి. చొక్కనాథుని మనము నిందింతుము గాని, కాపురము తరలిన పిమ్మట ఇల్లు ఎవరికొఱకు నిలువవలెనో ఆయన కొక ప్రశ్న యుండియుండును.

చెట్టినాడు మీకు దగ్గఱ. కారైక్కుడిలో పాత తలుపులు, చెక్కడపు స్తంభములు, ఎనామెలు గిన్నెలు అమ్ము అంగళ్లను మీరు చూచియే యుందురు. వంద గదుల యిండ్లు కట్టిన వంశములలో నేడు ఒక్కొక యింటికి పదులకొలది హక్కుదారులు. కొందఱు చెన్నపట్టణములో, కొందఱు సింగపూరులో. ఒకరు అమ్ముదమందురు, ఒకరు వద్దందురు. వారు వాదించుకొనుచుండగా వాన తన పని తాను చేయుచుండును. ఇది మన దేశపు జాడ్యమే యనుకొనవద్దు. జపాను దేశములో 2023లో జరిగిన గృహగణనలో 90 లక్షల యిండ్లు ఖాళీగా నున్నట్లు తేలినది. పెద్దలు పోయిరి, పిల్లలు పట్టణములకు పోయిరి. ఎవరును నిర్ణయింపకపోవుటచేత ఇల్లే తన సంగతి నిర్ణయించుకొనుచున్నది.

ఇక నేను చేసిన తప్పు చెప్పెదను. నేనును తమ్ముడును ఫోనులో మాటలాడుకొని, ఇల్లు అమ్మవలెనని నిశ్చయించి, అక్కల సంతకమునకై విడుదల పత్రము వ్రాయించితిమి. మనలో ఇది వాడుక గదా: ఆడబిడ్డకు పసుపు కుంకుమల క్రింద ఏదో యిచ్చుట, "ఇక్కడ సంతకము పెట్టు తల్లీ" యనుట. చిన్నక్క తిరుప్పూరులో పెట్టినది. పెద్దక్క పెట్టలేదు. "నాకు డబ్బు కావాలని కాదురా. ఆ యింట్లోనే నేనూ పుట్టినా. అమ్మాలా వద్దా అని నన్నెవరైనా అడిగినారా?" అన్నది. నాకు సమాధానము తోచలేదు. వకీలు దగ్గఱకు పోతిని. ఆయన చెప్పిన చట్టము మీలో చాలమందికి పనికివచ్చును గనుక కొంచెము వివరించెదను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టములో కూతునకు వాటా నిచ్చిరి. కాని అందే ఇరువది మూడవ సెక్షను ఒకటి యుండెను: కుటుంబము కాపురమున్న ఇంటిలో, మగ వారసులు పంచుకొన నిశ్చయించునంతవఱకు ఆడువారు పంపకము కోరరాదు. అనగా వాటా కలదు, అడుగుటకు వీలు లేదు. 1989లో మన తమిళనాడు ప్రభుత్వము, అప్పటికి పెండ్లి కాని కూతుండ్లకు పిత్రార్జితమున కుమారునితో సమానమైన హక్కు కల్పించెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటికిని వర్తించునట్లు చట్టమును సవరించి, పెండ్లి అయినదా లేదా అన్న భేదము తీసివేసిరి. ఆ ఇరువది మూడవ సెక్షనును రద్దు చేసిరి. 2005 నాటికి తండ్రి బ్రదికి యుండవలెనా యను సందేహము మిగిలి యుండగా, అక్కరలేదని సుప్రీము కోర్టు 2020 ఆగస్టులో తీర్పు చెప్పినది. కావున "చెల్లెలు సంతకము పెట్టును లెండు" అని బయానా పుచ్చుకొన్నవారు ఒకసారి ఆలోచించుకొందురు గాక. చట్టమునకు భయపడి మాత్రమే నేనిది చెప్పుట లేదు. మా పీళమేడులోనే గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తిని ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. ఆ భాగమే నేడు పి.ఎస్.జి. విద్యాసంస్థలుగా పెరిగి యున్నది. నలుగురును కూడి కూర్చుండి లెక్క వేసికొనినందున అది సాధ్యమైనది. మా యింట అట్టి ధర్మము లేదు, అంత ఆస్తియు లేదు. అయినను మేమును ఐదు వాటాలే వేసితిమి: అమ్మకు ఒకటి, మా నలుగురికి నాలుగు. తమ్ముడు రెండు వారములు నాతో మాటలాడలేదు. ఆ తరువాత మాటలాడినాడు.

అమ్మ వాటాను గూర్చి మఱొక మాట. చాలమంది తల్లులు తమ వాటాను కుమారుని పేర వ్రాసి యిచ్చి, ఆ పిమ్మట ఆ యింటిలోనే అతిథులగుచున్నారు. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టము ప్రకారము, పోషణ చేయవలెనను షరతుపై ఇచ్చిన ఆస్తిని, పోషణ చేయనిచో రద్దు చేయించుకొనవచ్చును. ఆ షరతును పత్రములో స్పష్టముగా వ్రాయించుకొనుట మేలు. మా అమ్మ డబ్బు అమ్మ పేరనే బ్యాంకులో వేసితిమి. ఎవరికిని వ్రాసి యియ్యలేదు.

పన్ను విషయము క్లుప్తముగా చెప్పెదను. పాత యిల్లు అమ్మగా వచ్చిన లాభముతో రెండేండ్లలోపల మఱొక యిల్లు కొన్నను, మూడేండ్లలోపల కట్టుకొన్నను ఆ మేరకు ఆదాయపు పన్ను మినహాయింపు కలదు. 2001 ఏప్రిలునకు ముందు మన వంశమునకు వచ్చిన యింటికి ఆనాటి ధరను అసలు ధరగా చూపుకొనవచ్చును. దానిని అమ్మకమునకు ముందుగానే మదింపు చేయించుకొనుడు. తరువాత పరుగెత్తిన లాభము లేదు. కట్టడపు కంపెనీ వారు వచ్చి, "స్థల మియ్యండి, పదునెనిమిది నెలలలో రెండు ఫ్లాట్లు ఇచ్చెదము" అందురు. మా బంధువొకాయన అట్లు ఇచ్చి ఐదేండ్లు బాడుగ యింటిలో నుండెను. మేము ఆ జోలికి పోలేదు.

ఇవన్నియు కాగితపు సంగతులు. కష్టమైన సంగతి మా అమ్మ. ఆమెకు డెబ్బది నాలుగేండ్లు. వద్దని ఒక్కనాడును అనలేదు. ఒకనాటి రాత్రి దీపము పోయినప్పుడు, నేను టార్చి వెదకుకొనుచుండగా, ఆమె లేచి వంటింటికి పోయి అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టినది. "ఈ యింట్లో చీకట్లో గూడా నాకు దారి తెలుసురా. ఆ యింట్లో పట్టపగలు గూడా దారి అడగాల" అన్నది. ఆ మాట తరువాత నేను ఆరు నెలలు ఆ ప్రస్తావన తేలేదు.

మఱి ఎట్లు మారితిమనగా, ఆమెయే వడి మార్చినది. దొడ్డిలో పాచిమీద జారిపడి, పిలిచినను మాకు వినబడక, అరగంట సేపు అట్లే యుండెను. ఎముక విరుగలేదు, దేవుని దయ. ఇల్లు అంత పెద్దదగుటచేతనే కన్నతల్లి పిలుపు నాకు వినబడలేదు. మఱునాడు ఆమెయే, "ముందు బాడుగకు తీసి చూడు" అన్నది. నాలుగు వీథుల యవతల, అదే కోవెలకు నడచిపోగలంత దూరమున, మూడు గదుల యిల్లొకటి బాడుగకు తీసికొంటిమి. మూడు నెలలు అందుండి, ఆమె సరే యన్న పిమ్మటనే కొనుట జరిగినది. ఈ పద్ధతిని నేను అందరికిని చెప్పుచున్నాను. ఊరి చివర కొత్తగా లేచిన మేడలలో చవుకగా దొరకవచ్చును. కాని ముసలివారికి గోడలకంటె వీథి ముఖ్యము. పాలవాడు, కోవెల, ఎదురింటి వదిన, వీరిని వెంట తీసికొనిపోలేము గదా.

సామాను సర్దుటలో నేను చేసిన రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దది. ఇత్తడి అండాలు, గంగాళములు తూకమునకు వేయునప్పుడు మా భార్య అడ్డుపడినది; నాలుగింటిని అక్కలకు పంపినది. కాని కొట్టు గది అటుకమీది కాగితములను ఎవరును చూడలేదు. పాత కాగితములు కొనువాడు రెండు గోనెసంచులు నింపుకొని పోయెను. మఱునాడు జారి పడియున్న ఒక ఆకు దొరకినది. చూతునుగదా, మా తాతగారి చిట్టా. తెలుగు లిపిలో, తెలుగు అంకెలలో, పత్తి మూటల జమాఖర్చు. అంచున ఎవరి పెండ్లికో చదివించిన కట్నము. పరుగెత్తితిని. సరకు అప్పటికే కాగితపు మిల్లునకు పోయినది. మా వంశములో తెలుగున వ్రాయనేర్చిన చివరివాడు ఆ తాతగారే. మా నాయనగారు తెలుగు మాటలాడిరి గాని వ్రాయలేదు. నేను ఈ సంఘము నడుపు ఆదివారపు తరగతిలో, ముప్పది యెనిమిదవ యేట, అక్షరములు దిద్దుకొంటిని. చదువ నేర్చిన పిమ్మట చదువవలసిన చిట్టాలను నా చేతులతోనే తూకమునకు వేసితిని. ఈ నష్టమునకు ఏ పద్దు వ్రాయవలెనో నాకు తెలియలేదు.

ఇక్కడ భాష మాట వచ్చినది గనుక చెప్పెదను. పెద్ద యిల్లు పోయినచో తెలుగు పోవునని మన పెద్దలు కొందఱు నాతో వాదించిరి. వారి మాటలో సారము లేకపోలేదు. 2011 జనగణనలో మన రాష్ట్రమున తెలుగు మాతృభాషగా వ్రాయించినవారు 42 లక్షలకు పైబడిరి. 2006 చట్టము తరువాత పాఠశాలలో తమిళము అందరికిని తప్పనిసరి యయ్యెను. తమిళము మన అన్నము పెట్టు భాష. దానిని నేర్చుట మన కర్తవ్యమే. అయితే బడిలో తెలుగునకు చోటు తగ్గినప్పుడు మిగిలినది వంటిల్లు, పడసాల, తిన్నె. తిన్నె పోయినచో ఏమి మిగులును? ఇది వారి వాదము.

నా అనుభవము వేఱుగా నున్నది. ఆ పదునాలుగు గదుల యింటిలో మా అవ్వమనుమరాండ్రు దినమునకు ఒకసారి, అన్నము దగ్గఱ, కలిసికొనెడివారు. అమ్మాయి మేడమీద ఫోనుతో; అమ్మ వెనుక గదిలో. అవ్వ తెలుగున అడుగును, మనుమరాలు తమిళమున బదులిచ్చును; మన యిండ్లలో ఈ సంభాషణ మీ రెఱిగినదే. ఇప్పుడు ఇరువురికిని ఒకే గది. మొదటి నెల యంతయు జగడమే. దీపము ఎప్పుడు ఆర్పవలెను, ఫ్యాను ఎంత వేగమున తిరుగవలెను, పెట్టె ఎవరి మంచము క్రింద. జగడమాడవలెనన్న ఎదుటివారికి అర్థము కావలెను గదా. మా అమ్మాయి తెలుగున బదులాడుట మొదలుపెట్టినది. ఏడు నెలలైనది. మర్యాదగా మాటలాడునప్పుడు ఇంకను తమిళమే. కోపము వచ్చినప్పుడు మాత్రము చక్కని తెలుగు. నేను దీనినే లాభము క్రింద వ్రాసికొనుచున్నాను. ఇది అందరి యింటను జరుగునని హామీ యియ్యలేను.

నష్టము లేదని చెప్పినచో అక్క లేచును. గత నెల మా మేనమామగారు కాలము చేసినప్పుడు పరామర్శకు వచ్చినవారిని కూర్చుండబెట్టుటకు చోటు లేక, వీథిలో కుర్చీలు వేయించితిమి. తిన్నె యున్ననాడు పిలువని వాడును వచ్చి కూర్చుండెడివాడు. ఇప్పుడు గంట మ్రోగించి రావలెను, అందుచేత రాకపోకలు తగ్గినవి. నిశ్చితార్థము చేయవలెనన్న మంటపమే గతి. మా పాత యింటిని కొన్నవారు దానిని పడగొట్టిరి. అది వారి హక్కు. స్తంభములు లారీలో పోవుచుండగా నేను అంగడి గడపనుండి చూచితిని. మా అమ్మ ఆ దినమునుండి ఆ వీథిన పోవుట లేదు. కోవెలకు చుట్టు తిరిగి పోవుచున్నది.

కావున అందరును అమ్ముడని నేను చెప్పుట లేదు. అన్నదమ్ములిద్దఱు ఒకే పొయ్యిమీద నున్నవారు, ఇంటిలో మగ్గము గలవారు, వంశపువారందఱు ఏటేట కూడు ఇలవేల్పు గది తమ యింట గలవారు అమ్మవలసిన పని లేదు. ముందు భాగము బాడుగ కిచ్చి వెనుక కాపురముండుటయు ఒక మార్గమే. అయితే 2019 నుండి మన రాష్ట్రమున అమలులో నున్న అద్దె చట్టము ప్రకారము వ్రాతమూలకమైన ఒప్పందము చేసికొని నమోదు చేయింపవలెను, నోటిమాట చాలదు. ఇంటిలో ఎందరున్నారు, ఎన్ని తాళములున్నవి, అమ్మ పిలిచిన వినబడుచున్నదా, ఈ మూడు లెక్కలు ఎవరికి వారే వేసికొనవలెను. ఒంటిలో శక్తి యుండగనే, అక్కచెల్లెండ్రను కూర్చుండబెట్టుకొని వేసికొనుట మంచిది.

చివరగా ఒక విన్నపము. మధురలో గాని కోయంబత్తూరులో గాని ఇల్లు ఖాళీ చేయదలచినవారు, పాత కాగితములవానిని పిలుచుటకు ముందు మన కార్యాలయమునకు ఒక మాట చెప్పుడు. తెలుగు చదువవచ్చిన యువకులిద్దఱు వచ్చి అటుక మీది చిట్టాలు, ఆవర్జాలు, ఉత్తరములు, పెండ్లి పత్రికలు చూచి, వలసిన వాటికి ఫోటోలు తీసి, మూలములను మీకే అప్పగింతురు. రుసుము లేదు, కాఫీ ఇచ్చిన చాలును. పేర్లు ఇచ్చుటకు సభ ముగిసిన పిమ్మట ద్వారము దగ్గఱ పుస్తకము ఉంచినాము. మొదటి పేరు మా అక్కది. ఆమె అత్తవారింట ఇంకను తెఱువని పెట్టె యొకటి కలదట.